చప్పుడు లేని బగ్గీ

కామారెడ్డి స్టేషన్ ముందు టాంగాలు బారులు తీరి నిలిచిన కాలాన్ని కళ్లారా చూసినవాడు కిష్టయ్య. ఆ బారు పలచబడి, ఆటోల గుంపులో కలిసిపోయి, కడకు గుర్రాలు నీళ్లు తాగే తొట్టి సైతం చెత్తకుండీగా మారిన తరువాత, బండి మోత మాన్పే పనితనం తెలిసినవారిలో మిగిలింది అతడొక్కడే.

చూడబోతే అది చిన్న పనే. గుర్రానికి ఇరుపక్కలా సాగే రెండు పొడవాటి కర్రలను నొగలంటారు. అవి బండి ముందుభాగంతో కలిసేచోట ఇనుప కీలు ఉంటుంది. గుర్రం నడకతో పాటు నొగలు లేచి దిగాలి గనుక ఆ కీలుకు కొంత వదులు తప్పదు. వదులున్నచోట ఇనుము ఇనుమును కొట్టి లొడలొడమనకా తప్పదు. ఆ రెంటి నడుమ ఆముదంలో నానిన తోలుబిళ్లను అమర్చి, కదలిక చెడకుండా మోతను మాత్రమే మాన్పించడం కిష్టయ్య నేర్పు. బిళ్ల పలుచనైతే మోత వస్తుంది. మందమైతే కీలు బిగుసుకొని, దారిలోని ప్రతి గుంత దెబ్బా నొగల గుండా గుర్రం వీపుకు తగులుతుంది. ఎంత మందం చాలునో కొలతతో తేలేది కాదు. బండిని నాలుగడుగులు నడిపించి చెవితో వినవలసిందే.

ఆ చెవులే ఇప్పుడు లేవు.

టాంగాలు పోయాక అతడు శైలేందర్ వద్ద కుదిరాడు. శైలేందర్ గాంధారి నుంచి వచ్చి కామారెడ్డిలో పెళ్లి బగ్గీ నడుపుతున్న యువకుడు. పెళ్లి ఊరేగింపులో బగ్గీకి ముందు మనిషెత్తు డీజే పెట్టెలు. వాటి వెనుక పగ్గాలు పట్టుకొని కిష్టయ్య గడిపిన ఏళ్లు కొద్దివి కావు. మొదట గుడిగంట మోగి ఆగిన తరువాత గాలిలో తేలే సన్నని నాదం పోయింది. తరువాత పిట్టల కూతలు పోయాయి. ఆపైన మాటలు, చిట్టచివర తన పెదవుల మీది దైవనామం కూడా అతనికి వినరాకుండా పోయింది. ఈశ్వరుడు ఇచ్చినదానిని ఇచ్చినంత మెల్లగా తీసుకున్నాడు.

ఈ సంగతి తెలిసినది అతని భార్య భూమక్కకు మాత్రమే. బీడీలు చుట్టే చేతిని ఆపి, అతని మోకాలు తట్టి, ముఖం ఎదురుగా పెట్టి మెల్లగా మాట్లాడేది. ఆమె పెదవులు చదివిన అలవాటుతో అతడు లోకం పెదవులను కూడా ఎలాగో చదువుకొంటూ, అర్థం కానిచోట తల ఊపుతూ నెట్టుకొచ్చాడు. శైలేందర్ దానిని ముసలితనపు పరధ్యానం అనుకొన్నాడు.

మోత సంగతి మాత్రం కిష్టయ్యకు చంద్రి చెప్పేది. చంద్రి తెల్లని ఆడగుర్రం. పిల్లగా ఉన్నప్పుడే శైలేందర్ కొనితెస్తే, పెంచి బండికి అలవాటు చేసినవాడు కిష్టయ్య. కీలు లొడలొడమంటే దాని చెవి ఒకటి వెనక్కి తిరిగేది. అతడు అది చూసి దిగి, బిళ్ల సవరించేవాడు. తన పోయిన చెవులకు బదులుగా దైవం ఆ రెండు తెల్లని చెవులను ఇచ్చిందని అతని నమ్మకం.

ఎల్లారెడ్డిలో ఒక చిన్న వేణుగోపాలస్వామి గుడి ఉంది. ఏటా కల్యాణం మరునాటి సాయంకాలం స్వామి బగ్గీలో వీధులు తిరుగుతాడు. ఆ ఊరేగింపులో డప్పు లేదు, సన్నాయి లేదు. బగ్గీ వెనుక పండితులు వేదం చదువుతూ నడుస్తారు. స్వరం తప్ప మరొక శబ్దం స్వామి వెంట రాకూడదని అక్కడి ఆచారం. ఇన్నేళ్లుగా ఆ బగ్గీని మాటు మణగినట్లు నడిపించి పేరు తెచ్చుకొన్నది కిష్టయ్యే. కాని నిరుడు చంద్రి చెవులకు ఎవరో వేడుకగా జరీ టోపీ తొడిగారు. చెవులు కనబడలేదు. కీలు మోగింది. పండితులు చదువుతున్న అనువాకాన్ని రెండు చోట్ల ఆపి మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది. అతనికి ఆ సంగతి ఇల్లు చేరాక గాని తెలియలేదు.

ఈ ఏడు శైలేందర్ ముందే వచ్చి అతని ఎదుట కూర్చున్నాడు.

"కాకా, ఈపారి గూడ మోతొస్తే గుడోళ్లు బ్యాటరీ బండి పెట్టుకుంటరట. పెండ్లిళ్లు ఎట్లాగూ తగ్గినయి. గట్లయితే చంద్రిని మేపుడు నాతోని గాదు, అమ్ముడే."

అమ్ముడే అన్న మాట దగ్గర ఆ పెదవులు ఎంత స్పష్టంగా కదిలాయో కిష్టయ్య మరువలేకపోయాడు. శైలేందర్ వెళ్లాక భూమక్క మోకాలు తట్టింది.

"నేను బండి పక్కన నడుస్త. మోతొస్తే కొంగు దులుపుత. ఎవలకేం ఎరుకైతది?"

"నలుగురిల నా పెండ్లాం కొంగు సూసుకుంట బండి తోలాల్నా? రాకు. వస్తివా, నా దగ్గరికి రాకు."

ఆమె బీడీల చేట ముందుకు లాక్కొన్నది.

ఊరేగింపు నాడు బగ్గీని, చంద్రిని లారీలో ఎల్లారెడ్డికి చేర్చారు. గుడి వెనుక నీడలో కిష్టయ్య కీళ్లు విప్పి తోలుబిళ్లలు మార్చాడు. పని చేస్తున్నంతసేపూ అతని పెదవులు నామం జపిస్తూనే ఉన్నాయి, కాని మనసు జపంలో లేదు. భయం చేతిని బరువు చేస్తుంది. ఎప్పుడూ వేసే మందానికి పైన మరొక పొర వేసి బోల్టు బిగించాడు. జరీ టోపీ తెచ్చినవారిని దగ్గరకు రానీయలేదు.

స్వామి బగ్గీలో వేంచేశాడు. తులసిమాలల నడుమ ఆ నల్లని మూర్తి వేణువు పట్టుకొని నిలిచి ఉన్నాడు. వెనుక పండితులు పెదవులు కదిపారు. పగ్గం సడలించగానే బండి కదిలింది. మొదటి మలుపు దాకా చంద్రి చెవులు నిటారుగా ఉన్నాయి. పైపుల కోసం తవ్వి పూడ్చిన వీధిలోకి దిగగానే రెండు చెవులూ ఒక్కసారి వెనక్కి పడ్డాయి.

మోత వినే గుర్రం చెవిని నిలిపి వెనక్కి తిప్పుతుంది. నొప్పి పడే గుర్రం చెవులను తలకు అంటించి పడుకోబెడుతుంది. ఆ తేడా కిష్టయ్యకు తెలియక కాదు. జీవితమంతా గుర్రాల వెనుకే కూర్చున్నవాడు. కాని దేనికి వెరచి ఆ సాయంకాలం బయలుదేరాడో, కళ్లకు అదే కనబడింది. బండి ఆపి దిగి, కీలులోకి ఇంకొక తోలుముక్కను దిగగొట్టాడు. నాలుగిళ్లు దాటగానే చెవులు ఇంకా లోతుగా అణిగాయి. మళ్లీ దిగాడు. మళ్లీ కొట్టాడు. ఆడవాళ్ల వరుసలో దూరంగా నడుస్తున్న భూమక్క ఇదంతా చూసింది. మేకు ఏదో ఊడిందేమో అనుకొన్నది. దగ్గరికి రావద్దన్న మాట ఆమె కాళ్లకు అడ్డంపడింది.

గుడి గోపురం కనబడేచోట చంద్రి నిలిచిపోయింది. కిష్టయ్య అదిలించాడు. అది ఒక్కడుగు వేసి, ముంగాళ్లు మడిచి నేలకు ఒరిగింది. బగ్గీ ముందుకు తూగగా అర్చకుడు స్వామిని రెండు చేతులా పొదివి పట్టుకొన్నాడు.

శైలేందర్ పరుగున వచ్చి పట్టీలు విప్పి, వీపు మీది జీను ఎత్తాడు. తెల్లని వెంట్రుకల నడుమ చర్మం లేచిపోయి నెత్తురు ఉబికివస్తున్నది. అతడు కీలును చేత్తో ఊపబోయాడు. అది రాయిలా ఉంది.

"గింతగనం ఎందుకు బిగగొట్టినవ్ కాకా?"

"మోతొస్తున్నది గదా," అన్నాడు కిష్టయ్య. ఆ మాట తాను ఎంత గట్టిగా అన్నాడో అతనికి తెలియదు. వీధి వీధంతా విన్నది.

పండితులు ఒకరినొకరు చూసుకొన్నారు. వారిలో పెద్దాయన ముందుకు వచ్చి, నిందించే స్వరం కాక నిజంగా ఆశ్చర్యపడే స్వరంతో, ఇన్నేళ్లలో ఇంత నిశ్శబ్దంగా స్వామి ఎన్నడూ వేంచేయలేదని, ఈవేళ ఒక్క స్వరానికైనా భంగం కలగలేదని చెప్పాడు. ఆయన గడ్డం పెదవులను కప్పివేసింది. కిష్టయ్యకు ఒక్క ముక్కా అందలేదు. జనంలో భూమక్క కోసం వెతికాడు. ఆమె అతని వైపే చూస్తూ తల అడ్డంగా ఊపింది. వేలు పెదవుల మీద పెట్టుకొని, మళ్లీ తల ఊపింది.

మోత రానేలేదని, చంద్రి చెవులు వాలింది నొప్పికని అప్పుడతనికి తెలిసింది.

స్వామిని పండితులు భుజాల మీద ఎత్తుకొని వేదం చదువుతూనే గుడికి చేర్చారు. కిష్టయ్య మోకాళ్ల మీద కూర్చొని, దిగగొట్టిన తోలుముక్కలను ఒక్కొక్కటే పెరికి పారేశాడు. కుర్రకారు ఖాళీ బగ్గీని లారీ వైపు లాక్కుపోతుంటే అరుగుల మీది ఆడవాళ్లు తలలు తిప్పి చూశారు. అతడు వెంట నడుస్తూ అరచేతిని నొగ మీద ఆనించాడు. లొడలొడ, లొడలొడ. మోత అతని ఎముకల్లోకి పాకింది. మోతను అరచేతితో వినే ఈ ఉపాయం పొద్దున తోచి ఉంటే అన్న తలపు మాత్రం అంతకంటె లోతుగా దిగింది.

లారీ దగ్గర పగ్గాలు శైలేందర్ చేతిలో పెట్టాడు.

"నాకు చెవులు వినరావు బిడ్డా. పోయి శానా దినాలైంది."

శైలేందర్ కోపపడి ఉంటే తేలిక అయ్యేది. అతడు పగ్గాలు అందుకొని, తల వంచుకొని నిలబడ్డాడు.

వీపు మానేదాకా కిష్టయ్య పసుపు, వేపనూనె కలిపి రోజూ పుండుకు రాశాడు. చంద్రి కసరలేదు, కరవలేదు. మనిషి చేసిన తప్పును అది మనిషికి అంటగట్టలేదు. గుడివారు బ్యాటరీ బండి మాట్లాడుకొన్నారు. పుండు మానిన తరువాత పోచారం అవతలి నుంచి ఒకాయన వచ్చి దానిని కొనుక్కొన్నాడు. వ్యాను ఎక్కించేవేళ కిష్టయ్య దూరంగా గోడకు ఆనుకొని నిలబడ్డాడు. దగ్గరికి పోకూడదని, పిలువకూడదని గట్టిగా అనుకొన్నాడు.

వ్యాను కదిలింది. కటకటాల వెనుక చంద్రి చెవి ఒకటి నిటారుగా నిలిచి, వెనక్కి, అతని వైపు తిరిగింది. భూమక్క గబగబా వచ్చి అతని చేయి పట్టుకొన్నది.

తాను పిలిచానని కిష్టయ్యకు అప్పుడు గాని తెలియలేదు.