సీలు తీయని సీడీలు

టీవీలో పాటల పోటీలు కొత్తగా వచ్చి, గెలుపోటములను ఎస్సెమ్మెస్‌లు తేల్చడం మొదలైన రోజుల్లో నన్ను పాతబస్తీకి ఏరియా ట్రాకింగ్ ఆఫీసరుగా వేశారు. ఇరవై ఏళ్ళ కిందటి మాట. వానాకాలం మొదట్లో ఆర్డరు చేతికొచ్చింది. అంతకుముందు తొమ్మిదేళ్ళు అదే మ్యూజిక్ కంపెనీలో బల్ల దగ్గర కూర్చుని ఇతరులు పంపిన అంకెలు కూడినదాన్ని. ఇక ఆ అంకెలు నేనే తేవాలి. మాది తెనాలి వైపు. మా ఆయన రైల్వే ఉద్యోగం వల్ల ఉప్పుగూడలో కాపురముండేవాళ్ళం. "మీకు దగ్గరే కదా" అంటూ మా జోనల్ మేనేజరు ఇరవై రెండు దుకాణాల జాబితా నా చేతిలో పెట్టారు. మ్యాపు చూసి అన్న మాట అది. కాళ్ళరిగేలా తిరిగింది నేను.

రికార్డుల వ్యాపారంలో అమ్మకాన్ని మూడు చోట్ల లెక్కపెట్టవచ్చు. కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటరుకు పోతే ప్రైమరీ, అక్కణ్ణుంచి దుకాణానికి పోతే సెకండరీ, దుకాణంలోంచి మనిషి చేతిలోకి పోతే ఆఫ్‌టేక్. పత్రికల్లో గాయకుల పేర్ల పక్కన కనిపించే గొప్ప అంకెలు సాధారణంగా మొదటి రకం. లారీ ఎక్కిన ప్రతి పెట్టె అమ్ముడైనట్టే రాస్తారు. తర్వాత తిరిగొచ్చే పెట్టెల ఊసు ఎవరూ ఎత్తరు.

నా పని మూడోది. అప్పట్లో ఆ చుట్టుపక్కల చిన్న కొట్లలో సీడీకి బిల్లిచ్చే అలవాటు లేదు. అందుకని ప్రతి సోమవారం వెళ్ళి, అరలో ఉన్న ప్రతి సీడీ ధర చీటీ మీద పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టి వచ్చేదాన్ని. మరుసటి సోమవారం టిక్కున్నవి ఎన్ని మిగిలాయో చూస్తే ఎన్ని పోయాయో తెలిసిపోతుంది. ఒకే మనిషి ఐదుకు మించి కొంటే దాన్ని బల్క్ అంటాం. దాన్ని ఆఫ్‌టేక్‌లోంచి తీసేయాలి. ట్రాకింగ్ ఆఫీసరు ఏ సీడీనీ మెచ్చుకోకూడదు, కొనమని చెప్పకూడదు, కానుకగా పుచ్చుకోకూడదు. చూడనిదాన్ని నమ్మకూడదు కూడా. ఈ చివరిది రూల్సులో లేదు, నా స్వభావంలో ఉంది.

ఆ ఏడాది ఒక ఛానల్ పోటీలో చివరిదాకా నిలిచిన నలుగురి చేత మా కంపెనీ తలా ఒక ఆల్బం చేయించింది. ఎనిమిది వారాల ఆఫ్‌టేక్ చూసి, నిలబడ్డవాళ్ళకే రెండో ఆల్బం. మిగిలినవాళ్ళకు నమస్కారం. నాలుగో స్థానం వచ్చిన స్వరూపది పురానాపూల్. తరాలుగా బర్రెలు పెట్టుకుని పాలమ్మే కుటుంబం. ఆమె సంగతి తేల్చాల్సిన ఏరియా నాది. పోటీకి ముందు ఆ అమ్మాయి పత్తర్‌గట్టిలో ఒక చీరల దుకాణం కౌంటరులో పనిచేసేది. ఆ యజమాని రెండు నెలలు ఆమె చోటు ఖాళీగా ఉంచుతానని, ఆలోగా పాటో చీరలో తేల్చుకొమ్మని చెప్పాడట. ఇది నాకు తర్వాత తెలిసింది.

మొదటి నాలుగు వారాలు చిత్రంగా గడిచాయి. పోటీలో గెలిచిన కుర్రాడి సీడీలు అరల్లో దుమ్ము పట్టిపోతుంటే, పురానాపూల్ చుట్టూ ఉన్న మూడు దుకాణాల్లో స్వరూపవి వచ్చినవి వచ్చినట్టే మాయమయ్యాయి. జోనల్ మేనేజరు ఫోనులో ఉబ్బితబ్బిబ్బయ్యారు. నాకు మాత్రం ఆ ఖాళీ అరలు నచ్చలేదు. అంతగా అమ్ముడైన పాట ఎక్కడో ఒకచోట మోగాలి. ఆటోల్లో, ఇరానీ హోటళ్ళలో, కటింగ్ షాపుల్లో చెవులు రిక్కించుకుని తిరిగాను. ఆ అమ్మాయి గొంతు ఒక్కచోటా వినిపించలేదు.

చివరికి రఫీక్‌భాయ్‌ని నిలదీశాను. గడియారాలు బాగుచేస్తూ, పక్కన రెండు అరల్లో సీడీలు అమ్మే చిన్న కొట్టు ఆయనది. అబద్ధమాడటం చేతకాని మనిషి. "పాల మల్లయ్యన్న వస్తడు మేడం. ఎన్నుంటే గన్ని తీస్కపోతడు. నా కాడనే గాదు, మూడు కొట్లల్ల గదే కథ," అన్నాడు. మరి నాకెందుకు చెప్పలేదంటే, "మీరు అడగలే గదా," అన్నాడు. అదీ నిజమే. ఎన్ని మిగిలాయో చూసుకున్నాను గానీ ఎవరు కొన్నారని అడగలేదు. ఫారంలో బల్క్ ఉందా అన్న గడి ఒకటుంటుంది. నాలుగు వారాలూ దాన్ని అలవాటుగా 'లేదు' అని నింపేశాను. తప్పు నాది.

మర్నాడు పొద్దున్నే మల్లయ్య ఇంటికి వెళ్ళాను. స్వరూప తండ్రి ఆయనే. ఇంటింటికీ పాలు పోసి వచ్చి బర్రెలను కడుగుతున్నాడు. కంపెనీ నుంచి వచ్చానని చెప్పగానే చేతులు తుడుచుకుని, లోపలికి చాయ్ కోసం కేకేసి, దాణా గది తలుపు తానే తీసి చూపించాడు. తవుడు బస్తాల వెనక, తడి తగలకుండా ప్లాస్టిక్ పట్టా కప్పి, కూతురి సీడీలు నడుమెత్తున పేర్చిపెట్టాడు. వాటి మీద నా పెన్సిలు టిక్కులు కనిపిస్తున్నాయి. ఒక్కదానికీ సీలు తీయలేదు.

"పోటీల ఫోన్ ఓట్ల సంగతి మాకు సమజయ్యేసరికి లేటయింది. బిడ్డ నాలుగో నంబరుకు పడ్డది," అన్నాడు. "గిప్పుడు కంపెనీ సీడీలు లెక్కవెడుతున్నదంట. గందుకే ఈసారి మొదటి దినం నుంచే బస్తీ అంత పైసలు కలిపి కొంటున్నం." ఒక్కటైనా పెట్టి విన్నారా అని అడిగితే నన్ను వింతగా చూశాడు. "సీలు తీస్తే ఓటు చెల్లదేమో అని ఒక్కటి గూడ ముట్టలేదమ్మా. మీరు చెకింగుకు వస్తరని ఎరుకే."

నాకు నవ్వు రాలేదు. ఆయన చేసిందీ నేను చేసిందీ ఒకటే పని. నేను టిక్కులు పెట్టాను, ఆయన టిక్కు పెట్టినవి దాచాడు. పాట వినాలన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. బల్క్ రూలు ఏమిటో చెప్పాను. ఇవన్నీ లెక్కలోంచి పోతాయనీ, పోతే స్వరూప ఖాతాలో దాదాపు ఏమీ మిగలదనీ చెప్పేసరికి ఆయన తవుడు బస్తా మీద కూలబడ్డాడు. "అయితే నేనే బిడ్డ నోట్ల మన్ను కొట్టిన్నా?" అని అడిగాడు.

చాయ్ తెచ్చిన స్వరూప అంతా విన్నది. గ్లాసు నా చేతికిచ్చి, "తీసెయ్యుండ్రి మేడం," అంది. "ఓట్లు మస్తు చూసిన. ఎవరన్న విని మంచిగున్నదంటరా, లేదంటరా, నాకు గది ఎరుకైతే చాలు." తండ్రితో మాత్రం, "ఫికర్ చెయ్యకు బాపూ," అంది. ఇంతవరకు ఎవరూ వినలేదు కాబట్టి బాగాలేదని కూడా ఎవరూ అనలేదని నేనన్నాను. సీలు తీసినా తీయకపోయినా ఇక నా లెక్క మారదని కూడా చెప్పాను. అది రూలే, సలహా కాదు. అప్పుడూ అదే మాట అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటాను.

రిపోర్టులో బల్క్ మొత్తం తీసేశాను. నాలుగు వారాలు ఆ గడి తప్పుగా నింపినట్టు సంతకం పెట్టి ఒప్పుకున్నాను. రిమార్కుల గడిలో మాత్రం, ఈ ఆల్బం ఇంకా శ్రోతల దాకా చేరలేదు, చేరనిదాన్ని ఫెయిలైందని రాయలేను, ఎనిమిది వారాల మీద మరో నాలుగు వారాలు గడువివ్వండి అని రాశాను. "లెక్కలు తెమ్మంటే కథలు తెచ్చారే," అని మేనేజరు విసుక్కున్నారు. తిట్టవలసినంత తిట్టి, గడువిచ్చారు. ఆ సంగతి చెప్పడానికి వెళ్ళినప్పుడే చీరల దుకాణం మాట తెలిసింది. యజమాని ఇంకో నెల ఆగనన్నాడట. స్వరూప ఆ చోటు వదులుకుంది. నేను రాసిన నాలుగు మాటలు నమ్ముకుని ఒక మనిషి చేతిలో ఉన్న ఉద్యోగాన్ని వదిలేసింది.

మల్లయ్య సీళ్ళు తీశాడు. రోజూ పాలతోపాటు ఒక్కో సీడీ పంచడం మొదలుపెట్టాడు. పురానాపూల్ ఇళ్ళకు, కటింగ్ షాపులకు, బహదూర్‌పురాలో తను పాలుపోసే చాయ్ హోటళ్ళకు. నా బిడ్డ పాడింది కొనుండ్రి అని ఎవరితోనూ అనొద్దని స్వరూప షరతు పెట్టిందట. ఆయన ఆ షరతు తప్పలేదు. అంత సంబరపడే తండ్రికి అదెంత కష్టమో నాకు తెలుసు.

మొదటి సోమవారం ఒక్క టిక్కూ కదలలేదు. రెండో సోమవారమూ అంతే. మూడో సోమవారం నేను రఫీక్‌భాయ్ కొట్లో ఉండగా ఒక ఆటో డ్రైవరు వచ్చి, సీడీ ఒకటి బల్ల మీద పెట్టాడు. "మూడో పాట కాడ ఆగిపోతున్నది. మార్చియ్యి భాయ్." అది స్వరూప సీడీ. "నా కాడ తీసుకున్నది గాదు, ఎట్ల మారుస్త?" అన్నాడు రఫీక్‌భాయ్. కాసేపు లొల్లి పెట్టుకుని, గొణుక్కుంటూనే డ్రైవరు కొత్తది కొన్నాడు.

నేను ఫారం తీసి వివరాలడిగాను. పాతది చాయ్ హోటలాయన ఇచ్చాడట. రోజూ జూ పార్కు సవారీలు ఎక్కినప్పుడు పెడతాడట. పాడిందెవరో తెలుసా అంటే, "ఎవరో పిల్ల. గొంతు మంచిగున్నది," అన్నాడు. టీవీ పోటీలో చూశావా అంటే, "టీవీ జూసే టైం యాడిది మేడం?" అన్నాడు. మల్లయ్య పేరు కూడా అతను వినలేదు. పాత సీడీని వెలుగుకు పట్టి చూశాను. అడుగంతా గీతలే. ఉద్యోగంలో నేనంత సంతోషపడిన రోజులు తక్కువ. ఫారంలో స్వరూప పేరు ఎదురుగా 'ఒకటి' అని రాశాను.

తర్వాత ఉప్పుగూడలో రెండు, బహదూర్‌పురాలో మూడు, అలా విడివిడిగా కదిలాయి. కొన్నదెవరో ఈసారి ప్రతి కొట్లో అడిగి రాసుకున్నాను. గడువు ముగిసేసరికి తేలిన అంకె దాణా గదిలోని గుట్ట ముందు చాలా చిన్నది. అయినా అందులో ప్రతి సీడీకీ వేరే వేరే మనిషి ఉన్నాడు. మేనేజరు ఫారాలన్నీ రెండుసార్లు తిరగేసి, ఆరు పాటల చిన్న ఆల్బంకు ఒప్పుకున్నారు. ఆ కబురు చెబితే మల్లయ్య అడిగిన మొదటి మాట, "ఎన్నో నంబరమ్మా?" ఈసారి నంబర్లు లేవని చెప్పాను. స్వరూప పక్కకు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. వాళ్ళు ఇవ్వబోయిన సీడీ నేను పుచ్చుకోలేదు. లెక్కలన్నీ ముగించిన మర్నాడు రఫీక్‌భాయ్ దగ్గర ఒకటి కొనుక్కుని, ఇంటికెళ్ళి సీలు తీశాను. అంతకుముందు కొంటే లెక్కలో ఒకటి నాదయ్యేది.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నా ఫారంలో ఒక గడి అదనంగా గీసుకునేదాన్ని. గీతలు పడ్డాయి, మార్చివ్వండి అని అడిగినవి ఎన్ని అని. రిపోర్టు రాసేటప్పుడు అమ్మకాల గడికన్నా ముందు దాన్నే చూసేదాన్ని. ఖాళీ అయిన అర కొన్నారని మాత్రమే చెబుతుంది. విన్నారని చెప్పేది అరిగిపోయిన సీడీ.