కర్నూలులో ఆగిన బేరం

కర్నూలులో మా అక్క నడుపుతున్న చీరల అంగడిని అమ్మేసి, ఆమెను కడపకు తీసుకురమ్మని మా నాయన నన్ను పంపించాడు. అంగడికి తాళం వేయడానికి పోవడం కూడా ఒక యాత్రేనా అని అడిగేవాళ్లుంటారు. కాశీకి పోయినవాళ్లు పోయినట్టే తిరిగిరావడం నేను చూశాను. నేను మాత్రం పోయినట్టు తిరిగి రాలేదు. అందుకే రాస్తున్నాను.

ఇది యుద్ధం రాకముందు సంగతి. అప్పటికి బావ పోయి రెండేళ్లు. ఆయన కర్మలకు పోయినప్పుడు చూసిన కర్నూలే నా కళ్లలో ఉంది. సాయంత్రమైతే వీధికో మసక లాంతరు, సగం అంగళ్లకు తాళాలు, ఇంటింటా చలిజ్వరాలు. మా నాయనకు అదే చెప్పాను.

"ఆ ఊర్లో చీర కొనేవాళ్లు యాడుంటార్రా? ఉండే చీరే కప్పుకొని వణుకుతాండారు. అమ్మేసి అక్కను పిల్చుకోని రా పో" అన్నాడాయన.

అక్కకు రావడం ఇష్టం లేదు. వస్తే మా ఇంట్లో వెనక గది, అందులో ఒక చాప, పొద్దున్నుంచి మాపటిదాకా మా అమ్మ నిట్టూర్పులు. "అంగడి అమ్మితే దాంట్లో నేనూ ఒగ సరుకే అనుకోమను" అని మా ఊరి మనిషితో ఒకసారి చెప్పి పంపింది. ఆ మాట విని మా నాయన ముక్కుపొడుం పీల్చి తుమ్మాడు.

ఆయన తుమ్ముల గురించి ఇక్కడే చెప్పాలి. ఒంటి తుమ్ము వినబడితే ఆయన గడప దాటడు, బేరం ముట్టడు. పెళ్లిచూపులకని బయలుదేరి వీధి మలుపు నుంచి వెనక్కి వచ్చిన మనిషి. కానీ పొడుం పీల్చేవాడు కాబట్టి తన సౌకర్యానికి ఒక చట్టం చేసుకున్నాడు: పొడుం వల్ల వచ్చిన తుమ్ము లెక్కలోకి రాదు, దానంతట అది వచ్చిందే శకునం. మా ఇంట్లో ఈ చట్టం తెలియకుండా ఎవరూ పెరగలేదు.

పొద్దున ఆరుగంటలకు కడపలో పాసింజరు ఎక్కాను. మూడో తరగతి. చేతిలో పెరుగన్నం మూట, కంచు చెంబు. బేరమాడకుండా నేను కొనే వస్తువు లోకంలో రైలు టికెట్టు ఒక్కటే అని అప్పట్లో అనుకునేవాణ్ణి. ఆ బాధతో ఎర్రగుంట్ల దాకా కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాను. అక్కడ వ్యాగన్లకు నాపరాళ్లు ఎక్కిస్తున్నారు. భుజాన గోనెసంచి వేసుకున్న ఒకాయన ఎక్కి, నా మూటను పక్కకు నెట్టి కూర్చున్నాడు.

"యాడికప్పా?"

"కర్నూలుకు."

"నేనూ ఆడికే. బుడ్డల మిల్లులో మా బామ్మర్ది ఉండాడు. పని ఇప్పిస్తానన్నాడు." కర్నూలు వైపు వేరుశనక్కాయల్ని బుడ్డలంటారు.

"కర్నూల్లో మిల్లా?"

"ఒగటనుకుంటివా? ఇన్నాళ్లు యాడుండావప్పా నువ్వు?"

"కడపలో" అన్నాను, నేరం ఒప్పుకున్నట్టు.

మధ్యాహ్నానికి గుంతకల్లు. పెద్ద పట్టాల బండి దిగి చిన్న పట్టాల బండి ఎక్కాలి. మధ్యలో రెండు గంటలు ఖాళీ. వెనక వచ్చేవాళ్లకు ఒక మాట: చెంబు ఇక్కడే నింపుకోండి, అన్నం ఇక్కడే తినండి, కాఫీ మాత్రం తాగకండి. నేను తాగాను. గ్లాసు నిండలేదని తగాదా పడితే, హోటలు అయ్యరు ఇంకాస్త వేడినీళ్లు పోసి నా గ్లాసు నింపాడు. గెలిచాననుకొని తాగిన కాఫీ అంత చప్పగా ఇంకోటి ఉండదు.

ద్రోణాచలంలో మళ్లీ బండి మారి, పొద్దుగూకిన తర్వాత కర్నూలులో దిగాను. చీకట్లో తడుముకోవాలని సిద్ధపడి వచ్చినవాణ్ణి, స్టేషను బయట కళ్లు చికిలించుకొని నిలబడిపోయాను. రోడ్డు పొడుగునా కరెంటు దీపాలు. వాటి కింద వేయించిన బుడ్డలు అమ్మేవాళ్లు, పూలవాళ్లు, సోడా బండి. కల్లూరు పోయే ఒక బస్సు జనాన్ని కుక్కుకొని హారను కొడుతూ ఉంది.

రెండేళ్ల కింద నా వెంటపడిన జట్కావాళ్లు ఈసారి తల కూడా తిప్పలేదు. ఒకతను గుర్రానికి గడ్డి వేస్తున్నాడు.

"బుధవారపేటకు ఎంత?"

"ఆరణాలు."

"మూడు."

అతను నవ్వలేదు, తిట్టలేదు, ఒట్టు పెట్టుకోలేదు. "ఎక్కితే ఎక్కప్పా. లేకుంటే నిలబడు. ఇంగో బండి వస్తాది, ఇంగో మనిషి దిగుతాడు" అన్నాడు.

అయిదున్నరకు ఎక్కాను. ఆ అర్ధణా తగ్గించింది నా బేరానికి కాదు, నా మొహం చూసి.

అక్క గడపలోనే నిలబడి ఉంది. నా చేతి మూట చూసి, "ఇంత చిన్న మూట తెచ్చుకున్నావేమిరా సుబ్బయ్యా? నన్ను కట్టుకోని పోవాలంటే దుప్పటైనా కావాలే!" అంది.

"నాయన చెప్పినాడక్కా. నేనేం చేసేది?"

"కాళ్లు కడుక్కో. జొన్నరొట్టె వేడిగా ఉండాది. తిన్నాక అమ్ముదువులే."

ఆ రాత్రి ఇక అంగడి ఊసు ఎత్తలేదు. మరుసటి పొద్దున లేచేసరికి, అంగడిగా వాడే ముందు గదిలో ఇద్దరు నేతగాళ్లు మూటలు విప్పుతున్నారు. కోడుమూరు నుంచి వచ్చిన నూలు చీరలు. అక్క పరదా వెనక కూర్చొని ఒక్కొక్క అంచునూ వేలితో గీరి చూసి, "ఇది ఉతికితే రంగు వదులుతాది, వెనక్కి తీస్కపో" అంటూ ఉంది. ఆ నేతగాళ్లు నా వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు. నేనెందుకు వచ్చానో పేటంతా తెలిసిపోయినట్టుంది. పెద్దాయన అడిగేశాడు.

"నువ్వేనంటనే అంగడి మూసేసేది? మాకు మగ్గానికి రోజూ పని పడతాండేది ఈ రెండేండ్లేనప్పా."

ఊరు చూసొస్తానని బయటపడ్డాను. కొండారెడ్డి బురుజు దగ్గర నుంచి తుంగభద్ర ఒడ్డు దాకా నడిచాను. తాళాలు చూసిన చోట ఇప్పుడు కుట్టుమిషన్లు చప్పుడు చేస్తున్నాయి. ఒక పాత మేడలో చదువుకునే గది పెట్టారు. పత్రిక కోసం బల్ల చుట్టూ పదిమంది మూగి, ఒకాయన గట్టిగా చదువుతుంటే తక్కినవాళ్లు వింటున్నారు. ఊరి చివర మిల్లు బయట బుడ్డల బండ్లు బారులు తీరి నిలబడ్డాయి. ఎడ్లు నెమరు వేస్తున్నాయి, రైతులు బండ్ల కింద నిద్రపోతున్నారు. ఊరంతా బుడ్డల పొట్టు గాలికి తేలి, నా ధోవతికి కూడా అంటుకుంది.

తిరిగి వచ్చేసరికి అంగట్లో నా కోసం రహమాన్ సాయిబు కూర్చున్నాడు. పక్క వీధిలో గాజుల వ్యాపారం. బావకు పాత స్నేహితుడు.

"అంగడి అమ్ముతాండావంట శెట్టీ? బయటోళ్లకు ఎందుకు, నాకే ఇయ్యి. రేపు పొద్దున కూర్చుందాం."

సరేనన్నాను. పరదా వెనక అక్క గాజులు చప్పుడు చేయలేదు. ఆమె చేతులకు గాజులు లేవన్న సంగతి అప్పుడే గుర్తుకొచ్చి, మనసు చివుక్కుమంది.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ఆమే అంది, "సాయంత్రం ఆరుగంటలకే నాటకం మొదలైతాది. నువ్వు పోయి చూసి రా. నాకు చూసే రాత లేదు. రాణి కట్టుకొచ్చే చీర అంచు బాగా చూడు."

నాటకశాల అంటే రేకుల కప్పు, బెంచీలు, ఆడవాళ్లకు వేరే తడిక. నేల టికెట్టు నాలుగణాలన్నాడు. "సగం నాటకమే చూస్తాను, రెండణాలకు ఇయ్యి" అన్నాను.

"ఇది వంకాయల సంత కాదప్పా. ఏ సగం చూస్తావో చెప్పు, తక్కిన సగం కండ్లకు గుడ్డ కడతా" అన్నాడు టికెట్లవాడు. వెనక వరసంతా నవ్వింది. నాలుగణాలూ ఇచ్చాను.

రాణి వేషం కట్టినవాడు మీసాలు సరిగా గొరిగించుకోలేదు. అయినా అతను అరిటాకు పచ్చ చీర, కుంకుమరంగు అంచుతో దీపాల ముందుకు వచ్చేసరికి తడిక వెనక గుసగుస మొదలైంది. రాజు చనిపోతున్నా ఆ గుసగుస ఆగలేదు.

మరుసటి పొద్దున అంగడి తెరవకముందే నలుగురు ఆడవాళ్లు పక్క తలుపు తట్టారు. "రాణి చీర ఉండాదా అక్కా?" ఉంది. గట్టు మీద మడతల్లో సిద్ధంగా ఉంది. నాటకంవాళ్లకు ఆ చీర ఊరికే కట్టుకోమని ఇచ్చింది మా అక్కే.

"ఇది ఎవరు నేర్పించినారక్కా నీకు?"

"మీరందరూ బేరమాడతాంటే పరదా వెనక కూర్చోని విన్నదాన్ని. చెవులైనా ఉండవా నాకు?"

అంతలో సాయిబు వచ్చాడు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉంది కాబట్టి కూర్చోక తప్పలేదు. మా వ్యాపారంలో పెద్ద బేరాలు నోటితో చేయం. ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పుకుంటాం. వేలు పట్టుకుంటే వంద, రెండు వేళ్లు పట్టుకుంటే రెండు వందలు. పక్కవాడికి తెలియదు. చివరికి ఒకరి చేయి ఒకరు నిండుగా పట్టుకున్నారంటే బేరం ముగిసినట్టే. ఆ పట్టు వదిలినవాడి మొహం మళ్లీ బజారులో ఎవరూ చూడరు.

నేను అన్యాయమైన ధరకు వేళ్లు పట్టాను. సాయిబు అంగడి చిన్నదనాలి, గోడ చెమ్మెక్కిందనాలి, లేచి పోవాలి, నేను పిలవాలి. అదీ పద్ధతి. ఆయన ఏమీ అనలేదు. ఒక వేలు తగ్గించి ఆగాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆ వేలు కూడా ఇచ్చేశాడు.

ముప్పై ఏళ్లు అంగట్లో పెరిగినవాణ్ణి. ఏడవకుండా కొనేవాడు ఎక్కడున్నాడంటే, సరుకు విలువ అమ్మేవాడికి తెలియని చోట ఉన్నాడు. జట్కావాడు ఎందుకు తగ్గలేదో, నాయన దగ్గర నేను చేసిన వర్ణన ఎంత పాతబడిందో అప్పుడు తెలిసొచ్చింది. కానీ అడిగిన ధర ఇస్తున్నవాడికి ఏమని చెప్పి చేయి లాక్కోను? తువ్వాలు కింద సాయిబు అరచేయి తెరుచుకుంది. నా వేళ్ల మీదికి వస్తూ ఉంది.

"హాచ్చి!"

పరదా వెనక నుంచి. ఒక్కటే. కాసేపు చూశాం, రెండోది రాలేదు.

ఇద్దరి చేతులూ ఎక్కడివక్కడ ఆగాయి. సాయిబు నవ్వాడు.

"మాకు తుమ్మితే అల్లాకు షుక్రియా చెప్పుకుంటాం శెట్టీ. కానీ మీతో శానా ఏండ్ల నుంచి వ్యాపారం చేస్తాండా. మీ నాయన సంగతి తెల్వదా నాకు?" అని తువ్వాలు తీసి దులిపి భుజాన వేసుకున్నాడు. "ఒంటి తుమ్ము. ఇంగ ఈ బేరం లేదు. ఎదురంగడి ఖాళీగా ఉండాది, అది మాట్లాడుకుంటా. చీర కొన్న చేతికి గాజులు కావాల కదా, ఏమమ్మా?"

"రాండి భాయ్. మంచి జాగా" అంది అక్క లోపల నుంచి. ఆ గొంతులో పడిశం జాడ వినబడలేదు.

మధ్యాహ్నం బండికి అక్క పులిహోర మూట కట్టింది. నాయనకని ఒక పొడుం పొట్లం కూడా పెట్టింది. కళ్లు తుడుచుకోలేదు, నన్నూ తుడుచుకోనివ్వలేదు. "జట్కాకు అయిదు చాలు. ఎక్కువ ఇయ్యొద్దు" అని మాత్రం చెప్పింది. జట్కావాడు ఆరు తీసుకున్నాడు. ఈసారి నాకు కోపం రాలేదు. ధర తగ్గని ఊరును చూసి ఊపిరి తేలికగా పీల్చుకున్న బేరగాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ద్రోణాచలం దాటాక ఆకలేసి మూట విప్పాను. పొడుం పొట్లం బయటపడింది. పొడుం అమ్మినవాడు కట్టిన దారం కాదది, చీరల అంచు నుంచి ఊడిన కుంకుమరంగు పోగు. విప్పి చూస్తే, పొడుం మధ్యలో రెండు వేళ్లు దిగినంత గుంట.

నాయన కళ్లలో ఆ గుంట పడిందంటే చాలు. పొడుం తుమ్ము లెక్కలోకి రాదు. నన్ను మళ్లీ రైలెక్కిస్తాడు.

ఆ గుంటలోనే నా వేళ్లు పెట్టి, ఒక పట్టు తీసి పీల్చాను. పెట్టె అదిరేలా తుమ్మాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన చేతిలో వక్కాకు ఆగిపోయింది.

"ఒంటి తుమ్మప్పా! ఇంగోటి తుమ్ము, లేకుంటే బండి బోర్లపడతాది!"

ఇంకో పట్టు పీల్చి ఇంకోటి తుమ్మాను. ఆయన తృప్తిగా వక్కాకు నోట్లో పెట్టుకున్నాడు. నేను ఆ కుంకుమరంగు పోగుతోనే పొట్లం మళ్లీ కట్టాను. దారిలో నేనే విప్పానని చెబితే ఇప్పుడు అబద్ధం కాదు.