కళింగపట్నం ఒడ్డున నీలం బుగ్గ

2017 జూన్ 15, గురువారం. ఉదయం ఐదు గంటల పది నిమిషాలకు మా బావ కారు కళింగపట్నంలో ఇసుక అంచు దాకా వెళ్లి ఆగింది. డ్రైవరు చేత ఇంజను ఆపించాడు గాని, పైకప్పు మీద తిరుగుతున్న నీలం బుగ్గను ఆపించలేదు. తెల్లవారిన తరువాత దీపం ఎవరికోసమో ఆయనకే తెలియాలి.

మా అక్క భర్త ఒక సహకార సంఘానికి అధ్యక్షుడు. ఎరువుల బస్తాలు పంచే సంఘాధ్యక్షుడు ఎర్రబుగ్గ పెట్టుకోవచ్చునని ఏ నిబంధనా ఏనాడూ చెప్పలేదు. అయినా నాలుగేళ్లు పెట్టుకు తిరిగాడు. ఆ ఏడాది మే ఒకటి నుంచి మంత్రులంతటివారే ఎర్రబుగ్గలు తీసేయవలసి వచ్చినప్పుడు తానూ తీసి, అదొక త్యాగమన్నట్లు ఊరంతా చెప్పుకున్నాడు. నెల తిరగకుండా సాలూరు వెళ్లి, లారీలకు దీపాలు బిగించే దుకాణంలో నీలం బుగ్గ పెట్టించుకు వచ్చాడు. ఆ రంగు అత్యవసర వాహనాలదీ, పోలీసులదీ అని నేను పత్రిక చూపించాను.

"ఒరే బామ్మర్దీ, ఎర్రది తియ్యమన్నారు, తీసీసినాను. నీలంది తియ్యమని నాకెవుడైనా సెప్పినాడేటి? అయినా ఎరువులు అత్యవసరం కాదేటి?" అన్నాడు.

అరవై ఒక్క రోజుల వేట నిషేధం ముందటి రోజుతో ముగిసింది. మొదటి వేట చేపను ఒడ్డునే కొనాలని బావ ఉబలాటం. చందువ చేపకూ పార చేపకూ తేడా తెలియని భర్తను ఒంటరిగా పంపలేక అక్క నన్ను వెంట పంపింది. ఒడ్డున పదకొండు ఇంజను పడవలు సిద్ధంగా ఉన్నాయి. వాటిలో ఒకటి, మా ఇళ్లకు చేపలు తెచ్చే ఆమె భర్తది. శ్రీకాకుళంలో ఆమెకు పన్నెండు వాడుక ఇళ్లు. నిషేధ కాలంలో ఐసు చేపల టెంపో ఒకటి ఆ వీధుల్లో తిరగడం మొదలుపెట్టింది. మొదటి రోజే తాజా చేపతో గుమ్మాల్లో నిలబడకపోతే ఆ ఇళ్లు టెంపోవాడి పాలవుతాయని ఆమె ముందు వారమే నాతో అన్నది.

నేను టీ తాగి, వంశధార సముద్రంలో కలిసే మొగ దాకా నడిచి తిరిగి వచ్చేసరికి ఆరు ముప్పావు. పడవలు కదలలేదు. మనుషులు ఇసుకలో కూర్చుని ఉన్నారు. బావ మాత్రం కారుకు ఆనుకుని వెలిగిపోతున్నాడు.

"ఎంత మర్యాదరా ఈ జనానికి! పెద్దాయన తలగుడ్డ తీసి 'సెలవా బాబూ' అన్నాడు. 'అప్పుడే సెలవేటి, ఉండండి' అన్నాను. అందరూ కూకుండిపోయారు!"

ఆ ముసలాయన అడిగింది సముద్రంలోకి వెళ్లడానికి అనుమతి. నిషేధ కాలంలో రంగు దీపాల బళ్లలో అధికారులు రెండుసార్లు వచ్చి వలలు పట్టుకుపోయారు గనుక, నీలం బుగ్గ కనబడగానే అడగడం తమ విధి అనుకున్నారు. తనను చూడవచ్చినవారు వీడ్కోలు తీసుకుంటున్నారని బావ అనుకున్నాడు. ఒక మనిషి తన్ను తాను ఎంత పెద్దగా ఊహించుకుంటే అలా వినబడుతుందో నేను ఈనాటికీ కొలవలేను.

ఇంతలో మా ఇళ్లకు చేపలు తెచ్చే ఆమె నా దగ్గరకే వచ్చింది.

"ఏటి బాబూ, అరవై ఒక్క రోజులు సాల్లేదేటి మీ గవర్నమెంటుకి? సేపలకని కొన్న ఐసు కరిగిపోతన్నాది."

"గవర్నమెంటు ఎవరమ్మా?"

"అదుగో, బుగ్గేసుకొచ్చి నిలబడ్డాడు కాదేటి."

"ఆయన ఎరువుల సంఘం మనిషి. మా బావ."

ఆమె నన్నూ, కారునూ ఒకసారి చూసింది. తరువాత భర్త వైపు తిరిగి గొంతెత్తింది. "మావా! ఆడు ఆఫీసరు కాదంట, ఎరువులోడంట! తొయ్యండి, తొయ్యండి!"

తెల్లవారుజామున లేని దక్షిణపు గాలి అప్పటికే బలపడింది. ముందు తోసిన పడవను అల అడ్డంగా తిప్పి ఒడ్డుకు కొట్టింది. మరోసారి తోశారు, మరోసారి కొట్టింది. ముసలాయన చెయ్యి అడ్డంగా ఊపాడు. "ఈయాలకి నేదు. రేపే."

"మరి నా చందువ?" అన్నాడు బావ.

"ఆ బుగ్గ ఇప్పీసి పులుసెట్టుకో బాబూ," అన్నాడు ముసలాయన. ఒడ్డంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

తిరుగు దారిలో బావ ఒకటే మాట: "నేను ఆపలేదురా. మర్యాదకి ఉండమన్నాను." శ్రీకాకుళం చేరగానే ఎదురైన టెంపోను ఆపి రెండు కిలోల ఐసు చేప కొన్నాడు. వారానికి రెండుసార్లు ఇంటికి వచ్చి ఇమ్మని టెంపోవాడికి చెప్పాడు కూడా.

లెక్క ఇది. పోయినవి: పదకొండు పడవల మొదటి రోజు వేట, ఆమె కొన్న ఐసు మొత్తం, ఆమె వాడుక ఇళ్లలో నాలుగు. వాటిలో ఒకటి మా అక్కది. మిగిలినవి: ఆమెకు ఎనిమిది ఇళ్లు; బావకు నీలం బుగ్గ.