పాముకు వెచ్చటి పలక

మార్కాపురం చలికి వణుకుతూ ఈ పొద్దున లేచేసరికి కరెంటు లేదు. నేను పెంచుకునే విదేశీ కొండచిలువ గాజుపెట్టెలో వేడినిచ్చే బల్బు ఆరిపోయింది. చేయి పెడితే పాము చల్లగా తగిలింది, కదల్లేదు. “అమ్మా!” అని కేకేశాను.

పాము ఉండే గది గడప ఏనాడూ తొక్కని మా అమ్మ, పెరట్లోని పలకరాయి ముక్కను పొయ్యి మీద కాచి, పాత చీరలో చుట్టి, వేడి ఎక్కువైందేమోనని తన చెంపకు ఆనించి చూసి మరీ తెచ్చింది.

“పెట్టె కింద పెట్టురా. నేను లోపలికి రాను” అంది వాకిలి అవతలే నిలబడి.

పలకను పెట్టె కింద పెట్టి అరగంట చూశాను. చివరికి పాము నాలుక బయటపెట్టింది.

“కదిలినాడా?” అంది అమ్మ.

ఆర్నెల్లుగా “ఆ పురుగును బయట పారెయ్” అన్న మనిషి! కన్నకొడుకు స్నానానికి వేడినీళ్లు అడిగితే మాత్రం “కాచుకోపో” అంటుంది. మీ ఇంట్లో కూడా ఇంతేనా?