ఎంగిలి బాజా

పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి, పొంగకుండా కాపలా కాస్తున్నాను. ఇంట్లో నన్ను నమ్మి అప్పగించిన పెద్ద ఉద్యోగం ఇదొక్కటే. అప్పుడే జనగామ నుంచి తమ్ముడు, అంటే మా చిన్నాయిన కొడుకు, ఫోను చేశాడు. "అన్నా, మళ్ల మన పండుగ దగ్గరికొచ్చింది. ఈసారి పాలు వద్దే. దండేస్తం, దీపం పెడ్తం, గంతే" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆ సందులో పాలు పొంగి పొయ్యి ఆర్పేశాయి. మా వంశంలో మగవాళ్లకూ పాలకూ ఎందుకో పడదు.

పండుగంటే, మా చిన్నాయిన పేరు మీద పోయినేడు జనగామలో మొదలుపెట్టిన సంగీతోత్సవం. ఆయన మౌత్ ఆర్గాన్ వాయించేవాడు. అదీ బ్లూస్. అమెరికాలో పత్తి చేలల్లో పనిచేసిన నల్లవాళ్ల దుఃఖంలోంచి పుట్టిన పాటలట. పత్తికి మా దగ్గరా కరువు లేదు, దుఃఖానికీ లేదు. అయినా ఆ పాటలు మా ఊరికి రైల్లోనే వచ్చాయి. మా బట్టల దుకాణానికి వచ్చే ఒక ముసలి రైల్వే గార్డు తన దగ్గరున్న రికార్డులు వినిపించి, పాత మౌత్ ఆర్గాన్ ఒకటి చేతిలో పెట్టి, చిన్నాయినను చెడగొట్టాడు. చెడగొట్టాడన్నది మా తాత మాట. ఊదేటప్పుడు కాదు, గాలి లోపలికి పీల్చేటప్పుడే దుఃఖం పలుకుతుందన్నది గార్డు చెప్పిన మొదటి పాఠమట. బ్లూస్ నేర్చుకుంటున్నానని చిన్నాయిన ఇంట్లో చెబితే, బ్లౌజులు కుట్టడం నేర్చుకుంటున్నాడనుకుని మా నానమ్మ సంబరపడింది. బట్టల వ్యాపారం వాళ్లకు అంతకంటే ఏం తోస్తుంది?

తాతకు సంగీతం మీద కోపం లేదు. కోపమల్లా ఎంగిలి మీదే. చెంబు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుని తాగే మనిషి ఆయన. నోట్లో పెట్టుకుని, తీసి జేబులో వేసుకుని, మళ్లీ నోట్లో పెట్టుకునే వస్తువు ఆయన లెక్కలో వాద్యం కాదు, చీకిన మామిడి టెంక. "ఎంగిలి బాజా గడప దాటి రావద్దు" అన్నాడు. దసరా నాడు దుకాణంలోని కత్తెరా, మీటరు కర్రా, తాళాలూ బొట్టు పెట్టించుకుని పూజలో దర్జాగా కూర్చునేవి. మౌత్ ఆర్గాన్ వాకిట్లో చెప్పుల పక్కన పడి ఉండేది. నాకు ఎప్పుడూ దాని మీద జాలి. ఒకసారి ఆ జాలితోనే ఊది చూశాను. దగ్గొచ్చింది. నా మొదటి కచేరీ, చివరి కచేరీ అదే.

చిన్నాయిన ఎదురు చెప్పే మనిషి కాదు. దుకాణం మూయగానే స్టేషనుకు పోయి ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద కూర్చునేవాడు. మహబూబాబాద్ వైపు పోయే ప్యాసింజరు కదిలితే బాజాలోనూ ఒక రైలు కదిలేది. మొదట మెల్లగా, ఆయాసపడుతూ, తర్వాత ఉరుకుతూ, మలుపు దగ్గర కూతేస్తూ. ఒక్కోసారి అసలు రైలు కంటే ఆయన రైలే ముందు ఊరు దాటేది. పక్కన ఎప్పుడూ ఒక లంబాడీ ఆయన ఉండేవాడు. గూడూరు దగ్గరి తండా మనిషి, మా బజారులో బట్టల మూటలు మోసేవాడు. ఉన్నది ఒకటే బాజా కాబట్టి ఇద్దరూ మార్చుకుని వాయించేవాళ్లు. చిన్నాయిన గార్డు పాట వాయిస్తే, ఆయన తమ తండా పాట అందుకునేవాడు. ఈ సంగతి చెవిన పడిన రోజు నుంచి తాత, కొడుకు నోరు పుక్కిలిస్తే తప్ప ఇంట్లోకి రానివ్వలేదు.

ఇందులో నష్టపోయింది చిన్నమ్మ. కట్టుకున్నవాడు ఏం వాయిస్తాడో ఆమె దగ్గరగా వినలేదు. మా ఇళ్లల్లో ఆడవాళ్లు పని లేకుండా స్టేషనుకు పోరు. గాలి ఇటు తిరిగినప్పుడు వంటింటి కిటికీలోంచి ఏదో వినబడేది. "రైలు కూతేదో మీ చిన్నాయిన కూతేదో నాకు తెల్వకపోయేది" అని మాతో నవ్వుతూ చెప్పేది. తాత పోయి గడప ఖాళీ అయ్యేసరికి చిన్నాయినకు ఉబ్బసం వచ్చింది. మాట్లాడడానికే ఊపిరి చాలని మనిషి ఇక బాజాకు ఎక్కడ తెస్తాడు? కొన్నాళ్లకు ఆయనా పోయాడు.

పోయినేడు తమ్ముడు ఉత్సవం తలపెట్టినప్పుడు చిన్నమ్మ ఒక్కటే అడిగింది. "గా బాజనే మోగాలె బిడ్డా. కొత్తది వద్దు. ఒక్కసారి దగ్గర కూసొని వింట." అందుకోసం మహబూబాబాద్‌లో కూతురింటి నుంచి మోకాళ్ల నొప్పులతో రైలెక్కి వచ్చింది. వాయించడానికి తండా నుంచి ఆ లంబాడీ ఆయననే పిలిచాం. ఇప్పుడాయనా ముసలివాడే.

ఆ సాయంత్రం నేను కూర్చోలేను, నిలబడలేను. ముఖ్య అతిథి జాడ లేదు. పడమట మబ్బు పట్టింది. భూపాలపల్లి నుంచి గిటార్లతో వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు తీగలు సవరించుకుంటూనే ఉన్నారు. వేదిక మీద ఫ్లెక్సీలో చిన్నాయిన రెండు చేతులూ మూతికి అడ్డం పెట్టుకుని, మక్కకంకి తింటున్నట్టు కనిపిస్తున్నాడు. బాజాతో దిగిన ఫొటో అదొక్కటే మరి. నేను అతిథి కోసం గేటుకూ వేదికకూ మధ్య తిరుగుతున్నాను. షటిల్ బస్సు కూడా అన్ని ట్రిప్పులు వేయదు.

గేటు దగ్గరుండగా మైకులో తమ్ముడి గొంతు వినబడింది. "మా తాత ఎన్నడు దీన్ని పూజల పెట్టనియ్యలె. గా తప్పు ఇయ్యాల దిద్దుతున్న." చప్పట్లు. నేను ఉరికి వచ్చేసరికి మౌత్ ఆర్గాన్ వెండి పళ్లెంలో పసుపూ కుంకుమా పెట్టుకుని కూర్చుంది. తమ్ముడు దాని మీద చెంబుతో పాలు పోస్తున్నాడు. మా దగ్గర ఎవరి మీద ప్రేమ పొంగినా పాలాభిషేకమే. వాడికి తెలిసిన పెద్ద గౌరవం అది. ఎంగిలంతా కడిగి తండ్రిని దేవుడి పక్కన కూర్చోబెడుతున్నాననుకున్నాడు.

"అయ్యో సేటూ, దాని గొంతుల పాలు వోసినవా?" అన్నాడు లంబాడీ ఆయన. తమ్ముడి మొహం పాలిపోయింది.

నేను దాన్ని లాక్కుని విదిలించాను, అరచేతికేసి కొట్టాను, ఫ్యాను ముందు పట్టుకుని నిలబడ్డాను. ముందు వరుస కుర్చీలో చిన్నమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ నన్నే చూస్తోంది. ఆమె కళ్లలోకి చూసే ధైర్యం లేక ఫ్యాను రెక్కలు చూశాను. లంబాడీ ఆయన తీసుకుని ఊదాడు. బుడగలొచ్చాయి. మళ్లీ ఊదాడు. ఏమీ లేదు. మెల్లగా లోపలికి పీల్చాడు. సన్నగా ఏదో మూలిగింది.

"ఊదితే పలుకుత లేదమ్మా. పీలిస్తే రెండు మూడు పలుకుతున్నయి. గీటితోని పాట రాదు" అని తలొంచుకుని, బాజాను కండువాతో తుడవబోయాడు.

"తుడువకు."

"నా ఎంగిలమ్మా."

"ఆయన నోట్లకు పోలేదా నీ ఎంగిలి? నాకేమైతది? ఇటియ్యి."

తాత కోడలు దాన్ని అట్లాగే అందుకుని, పెదవులకు ఆనించి, కళ్లు మూసుకుని పీల్చింది. ఒక్క స్వరం. పొడుగ్గా, పాలతడితో బొంగురుపోయి, మధ్యలో కొంచెం వంగి వచ్చింది. తమ్ముడి చేతిలోని మైకు దాన్ని అందుకుంది. మైకు సెట్టు వాళ్లు సౌండు చూస్తున్నారనుకుని వెనక కొందరు మాట్లాడుతూనే ఉన్నారు. తర్వాత వాళ్లూ ఆగారు. సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథి కారు దిగి లోపలికి వచ్చాడు. ఎవరూ లేచి నిలబడలేదు.

చిన్నమ్మ బాజాను ఒళ్లో పెట్టుకుంది. "గిది నేను మస్తుసార్లు విన్ననురా" అంది నాతో, మెల్లగా. "గిన్నేండ్లు రైలనుకున్న. గిది ఆయన్నే."

ఈ పొద్దున ఫోను పెట్టేసి, పాలు పొంగిన పొయ్యి తుడుస్తుంటే ఆ స్వరం మళ్లీ చెవిలో పడింది. కాలం మనల్ని బయటికి ఊదేసి పోతుందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. అది కూడా ఎప్పుడో ఒకసారి గాలి లోపలికి పీలుస్తుంది. పోయినవాళ్లు ఆ కాసేపే పలుకుతారు.