సిద్దమ్మ మిషన్‌కు ముసుగు

మా నడితొవ్వ పార్టీ పుట్టి పదిహేనేళ్లయినా ఒక్కసారీ గెలవలేదు. ఈ పెద్ద పార్టీని తిట్టం, ఆ పెద్ద పార్టీని పొగడం, ఇక మమ్మల్ని పట్టించుకునేదెవరు? పైగా గుర్తింపు లేని పార్టీ కాబట్టి ప్రతి ఎన్నికకూ గుర్తు మారుతుంది. జనానికి టార్చిలైటు అలవాటయ్యేలోపు చేతికి విజిల్ ఇస్తారు.

రావల్కోల్ ఊళ్లో మా జెండా మోసేది సిద్దిరాములు ఒక్కడే. ఆయన జెండా మోస్తుంటే ఇల్లు మోసింది భార్య సిద్దమ్మ. బడి ఎదురుగా చిన్న షాపులో జాకెట్లు కుడుతుంది. మా జెండాలూ ఆమె కుట్టినవే.

మొన్నటి మండల ఎన్నికల్లో ఆ ఊరి స్థానం మహిళలకు రిజర్వయింది. సిద్దిరాములు మొహం మాడ్చుకుని భార్యను నిలబెట్టాడు. ఈసారీ ఓడితే పార్టీని ఎత్తేద్దామని మా అధ్యక్షుడు సుచిత్ర సెంటర్లోని మా ఆఫీసులో తేల్చి చెప్పాడు. ఇంతలో మాకు ఈసారి ఎన్నికల గుర్తు ఇచ్చారు, కుట్టుమిషన్!

పోలింగ్ కేంద్రం ఆ బడే. ఓట్ల రోజు పొద్దున్నే ఒక పెద్ద పార్టీ మనిషి రాఘవేందర్ అధికారి దగ్గరికి ఉరికాడు.

"సార్, గామె గుర్తు ఎదురుంగనే పెట్టుకున్నది. గిది ప్రచారం గాదా?"

రూలు రూలే. మిషన్ కనబడకుండా కప్పమన్నారు. సిద్దిరాములు కొట్లాటకు లేచాడు.

"నువ్వు జెర ఊకో" అని సిద్దమ్మ తన ఎర్రచీర తెచ్చి మిషన్‌కు నిండుగా కప్పింది.

ఇక చూడాలి. వచ్చిన ప్రతి ఆడమనిషీ ఆగింది.

"ఏందక్కా, మిషన్‌కు ముసుగేసినవ్?"

"నేను సెప్పొద్దంట. గా రాఘవేందర్‌నే అడుగు."

"గది ఆమె గుర్తమ్మా, అందుకే కప్పిచ్చిన!" అంటూ సాయంత్రం దాకా అతనే వచ్చినవాళ్లందరికీ గొంతు పోయేలా చెప్పాడు. అంత కష్టపడే కార్యకర్త మా పార్టీకి ఎన్నడూ దొరకలేదు.

ఓట్లు లెక్కించిన రోజు సిద్దమ్మ గెలిచింది. పదిహేనేళ్లలో మా మొదటి గెలుపు! ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. సిద్దిరాములు ఓట్లు లెక్కించిన మేడ్చల్ నుంచి ఊరిదాకా జెండా ఊపుతూనే వచ్చాడు.

సిద్దమ్మ మాత్రం దండతోనే షాపులోకి వెళ్లి మిషన్ ముందు కూర్చుంది.

"గా జెండా ఇటియ్యి. ఊపి ఊపి అంచు సింపినవ్. రేపు పక్క మండలం శామీర్‌పేటల గూడ ఎగరాలె గదా."