చిన్న చెట్టుకు పసుపు తుండు

తమిళనాట అన్నూరు అనే ఊరి పక్కన మాకు రెండెకరాల తోట ఉండాది. ముందు పసుపు వేస్తా ఉంటిమి. పసుపు తవ్వాలన్నా, ఉడకబెట్టాలన్నా మనుషులు కావాల. తెల్లారితే తిరుప్పూరు బనియన్ కంపెనీల వ్యాన్లు వచ్చి ఊళ్ళో ఆడోళ్ళనంతా ఎక్కించుకొని పోతాయి. తోటలో మా అత్త, మా ఆయన, నేను, అంతే మిగిల్తిమి.

అట్లాంటప్పుడు గవర్నమెంటువాళ్ళు వచ్చి పామాయిల్ చెట్టు పెట్టండి అన్నారు. మొక్కలు ఊరికే ఇస్తాము, డ్రిప్పు పైపు వేసిస్తాము, కాపుకొచ్చేదాకా ఎరువుకు సాయం చేస్తాము అన్నారు. మా ఆయన సరే అనేసినాడు.

నేను ఇంతకు ముందు ఏమీ రాసిందాన్ని కాదు. బడిలో అయిదు దాకా తమిళమే చదివినా. ఈ తెలుగు అక్షరాలు మా కోడలు నేర్పించింది. మాట్లాడే మాదిరే రాస్తా ఉండా, తప్పుంటే సర్దుకోండి.

మా అత్తకు ఆ మొక్కలు మొదట నచ్చలా. "చూస్తే టెంకాయ చెట్టు మాదిరి ఉండాది, టెంకాయ కాయదంట. ఈత చెట్టు మాదిరి ముల్లుండాది, ఈతపండూ రాదంట. ఎవరికి పుట్టిందిరా ఇది?" అనింది.

"నూనెకు పుట్టింది లేమ్మా," అన్నాడు మా ఆయన.

అట్లా అనిందే గానీ, పొద్దున లేచి ఒక్కో మొక్క దగ్గరా వంగి పైపులో చుక్క పడతా ఉందా లేదా అని చూసేది ఆమే.

రెండో యేడు ఒకరోజు తోటలోనుంచి గబగబా వచ్చింది. "ఏమే, బోరు దగ్గర చెట్టు పూగెల వేసింది! నువ్వులు ఉండాయా ఇంట్లో?"

మా ఇంట్లో పాతకాలం నుంచీ ఒక పద్ధతి. టెంకాయ చెట్టు మొదటి పూగెల వేస్తే, ఆడపిల్ల పెద్దమనిషైనట్టే. పసుపులో ముంచిన తుండు మానుకు చుట్టి కట్టి, నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి చేసి, చెట్టుకు పెట్టి మేము తింటాము. ఆ పూగెల మీద కత్తి పడకూడదు. మా అత్త ఈ చెట్టుకూ అట్లనే చేసింది.

ఆ గవర్నమెంటువాళ్ళ తరపున మొపెడ్ మీద ఒక అమ్మాయి వస్తుంది. తమిళ పిల్ల, ఊరు సింగానల్లూరు. పూగెలలు చూసి, "అక్కా, ఇవన్నీ తీసేయాల. మూడో యేడు నిండేదాకా ఏది వచ్చినా తీసేయాల," అని చెప్పి పొడుగు కాడ ఉలి ఒకటి ఇచ్చిపోయింది.

మా అత్త చెట్టుకు అడ్డం నిలబడింది. "వయసొచ్చిన పిల్ల మీద ఉలి పెడతారా? నేనుండగా కాదు."

"అమ్మా, చెట్లు పాడైపోతాయంట. తోట సరిగ్గా చూసుకోలేదని ఆ అమ్మాయి చెప్తే ఎరువు సాయమూ నిలిచిపోతుంది. పసుపూ పాయ, ఇదీ పాయ అంటే మనం ఏం తినేది?" అన్నాడు మా ఆయన.

"నిలిస్తే నిలవనీ."

తల్లీ కొడుకూ మాటలు ఆపేసినారు. మధ్యలో నేను. "మీ ఆయన్ని తినమను," "మీ అత్తను తినమను," ఇదే నా పని.

మళ్ళీ ఆ అమ్మాయి వచ్చేటప్పటికి చెట్టు చెట్టుకీ పూగెలలే. బండి చప్పుడు వినంగానే మా ఆయన మోటారు రూము వెనక్కి పోయినాడు. నేనే తమిళంలో మా పద్ధతి చెప్పినా. నవ్వుతుందని భయపడినా. ఆ పిల్ల నవ్వలా. హెల్మెట్టు కింద పెట్టి, మా అత్త పక్కన గట్టు మీద కూర్చుంది.

"పాట్టి, చిమ్మిలి మిగిలిందా?" అనింది. పాట్టి అంటే తమిళంలో అవ్వ.

"అది ఎప్పుడో అయిపోయె అమ్మిణీ. మజ్జిగ తాగు."

మజ్జిగ తాగి మెల్లగా చెప్పింది. "మీరు అనేది నిజమే పాట్టి. వయసొచ్చింది. కానీ వేరు ఇంకా లోపలికి దిగలా, మాను లావెక్కలా. ఇప్పుడే గెల మోస్తే తినే తిండంతా గెలకే పోతుంది. తల్లికి ఏమీ మిగలదు."

మా అత్త మజ్జిగ చెంబు పక్కకు జరిపింది.

"నన్నూ అట్లనే ఇచ్చినారు," అనింది. "పావాడ కట్టే వయసు. మొదటి బిడ్డ నిలవలా. రెండోదీ నిలవలా."

ఇన్నేళ్ళు ఒకే పొయ్యి దగ్గర ఉండాము, నాకు ఎప్పుడూ చెప్పలా. ఆ పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది.

మా అత్త లేచి చీర దులుపుకొని, "ఒరే, మోటారు వెనక దాక్కుంది చాలు, ఆ ఉలి తీసుకొని రా!" అని అరిచింది. బోరు దగ్గర చెట్టుకు కట్టిన తుండు విప్పి, మడిచి నడుముకు దోపుకొనింది. "ఉండు తల్లీ, తొందరేమీ లేదు," అని చెట్టుతో చెప్పి, మొదటి పూగెల తనే తీసింది.

దాని తర్వాత ఏ చెట్టు పూగెల వేసినా ఆమె కంటికే ముందు పడేది.

మూడో యేడు నిండినాక, "ఇంక వదిలేయచ్చు పాట్టి," అనింది ఆ అమ్మాయి. మా అత్త నమ్మలా. పెట్టెలోనుంచి ఆ తుండే తెచ్చి, బోరు దగ్గర చెట్టు మానుకు చుట్టింది. ముందు ముడి పడిన తుండే. ఇప్పుడు లాగినా కొసలు కలవలా, మధ్యలో జానెడు ఎడం.

"సరే, ఇప్పుడు కననీ," అనింది. మళ్ళీ నా వైపు తిరిగి, "చూస్తా నిలబడితివి ఏమే? ఈ తుండు చాలదు. నీ పాత పసుపు చీర ఏదన్నా ఉంటే తే పో. నువ్వులు నేను దంచుతా."